బెజవాడ పుస్తక విపణి

తెలుగు పుస్తకం ఏదైనా చేతికి తీసుకొని ముఖపత్రం తిప్పితే, లోపలి పేజీ వెనుక చిన్న అక్షరాలతో కొన్ని వివరాలు కనిపిస్తాయి. గ్రంథం పేరు, రచయిత పేరు, ప్రథమ ముద్రణ జరిగిన నెల, సంవత్సరం, అచ్చయిన ప్రతుల సంఖ్య, వెల, ముద్రణాలయం పేరు వరుసగా వచ్చి, చిట్టచివర ‘ప్రతులకు’ అనే మాట, దాని కింద కొన్ని చిరునామాలు ఉంటాయి. సాధారణంగా పాఠకులు చూపు నిలపకుండా దాటిపోయే పుట ఇది. కాని తెలుగు ప్రచురణ చరిత్ర తెలుసుకోగోరేవారికి ఇది శిలాశాసనం వంటిది. శాసనంలో దాత పేరు, దానభూమికి ఎల్లలు, చెక్కిన శిల్పి పేరు ఉన్నట్లే, ఈ పుటలో పుస్తకం పుట్టుపూర్వోత్తరాలన్నీ ఉంటాయి. ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో వెలువడిన తెలుగు పుస్తకాలను ఏ పదింటినో తీసి ఈ పుట పరిశీలిస్తే, ‘ప్రతులకు’ అన్న మాట కింద ఒకే వీధి పేరు మాటిమాటికీ ఎదురవుతుంది. అది ఏలూరు రోడ్డు, విజయవాడ–2. కొన్ని పుస్తకాలలో అదే వీధి కార్ల్‌మార్క్స్ రోడ్డు అన్న పేరుతో కనిపిస్తుంది.

ఒక నగరాన్ని సాహిత్య నగరమని పిలవాలంటే అక్కడ మహాకవులు పుట్టి ఉండాలని సామాన్యంగా భావిస్తారు. ఆ లెక్కన చూస్తే రాజమహేంద్రవరానికి నన్నయ, వీరేశలింగం ఉన్నారు. విజయనగరానికి గురజాడ ఉన్నాడు. తెనాలి చెప్పుకోవలసిన రచయితల జాబితా చాలా పెద్దది. బెజవాడకు అంతటి ప్రాచీన సాహిత్య వంశావళి లేదు. విశ్వనాథ సత్యనారాయణ ఇక్కడి కళాశాలలో చాలాకాలం అధ్యాపకులుగా పనిచేసి, ఇక్కడే స్థిరపడ్డారన్నది నిజమే. 1914 ఏప్రిల్ 10న ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టినది ఈ ఊళ్లోనేనన్నదీ గర్వించదగిన విషయమే. అయినా బెజవాడ సాహిత్య ప్రతిష్ఠకు మూలం కవుల జన్మస్థలం కావడంలో లేదు. అది అచ్చుయంత్రంలో, కాగితపు రీములో, బైండింగు కుట్టులో, రైలు పార్సిలులో, అన్నిటికంటె మిన్నగా దుకాణపు అరలో ఉంది. కావ్యం రచించడం ఎంత కష్టమో, దానిని చదువరి చేతిదాకా చేర్చడం కూడా అంత కష్టమే. ఆ రెండవ పనిని అర్ధశతాబ్దికి పైగా భుజాన వేసుకొన్న నగరం ఇది.

అంతకుముందు ఆ పని మద్రాసు చేసింది. తాళపత్రాలలోని తెలుగు గ్రంథాలను సేకరించి, పండితులచేత పరిష్కరింపజేసిన సి.పి. బ్రౌను కొంతకాలం అక్కడినుంచి కూడా పనిచేశాడు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో వావిళ్ల రామస్వామి శాస్త్రులు ముద్రణాలయం స్థాపించి, కావ్యాలను, పురాణాలను, వ్యాకరణాలను తప్పులు లేకుండా అచ్చువేసే సంప్రదాయాన్ని నెలకొల్పినది అక్కడే. 1906లో హైదరాబాదులో ప్రారంభమైన విజ్ఞాన చంద్రికా మండలి సైతం రెండేళ్లకే మద్రాసుకు తరలిపోయింది. బొంబాయిలో 1908లో పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికగా అవతరించిన చోటు కూడా మద్రాసే. తెలుగు పుస్తకానికి అది పుట్టిల్లు. అయితే ఆ పుట్టిల్లు తెలుగు పల్లెలకు బహుదూరం. శ్రీకాకుళం వైపునున్న ఒక ఉపాధ్యాయుడికి పుస్తకం కావాలంటే, పట్టిక తెప్పించుకొని, కార్డు రాసి, వి.పి.పి. ద్వారా వచ్చేదాకా ఎదురుచూచి, తపాలా బంట్రోతుకు సొమ్ము చెల్లించి విడిపించుకోవాలి. పుస్తకాన్ని ముందుగా తిరగవేసి చూసే అవకాశం లేదు. పేరు తెలిసిన పుస్తకం మాత్రమే దొరుకుతుంది. పేరు తెలియని పుస్తకంతో పరిచయం కలిగేది దుకాణంలోనే.

పేరు తెలిసినా పుస్తకం దొరకని కాలం ఎలా ఉండేదో బెంగుళూరు నాగరత్నమ్మ ఉదంతం తెలుపుతుంది. తంజావూరు నాయకుల తరువాత మరాఠా ప్రభువుల ఆస్థానంలో వెలసిన కవయిత్రి ముద్దుపళని రచించిన ‘రాధికా సాంత్వనము’ గురించి ఆమె ఒక వ్యాఖ్యలో చదివింది. ప్రతి కోసం వెదికింది. లభించిన అచ్చు ప్రతి లోపాలతో కూడి ఉండటంతో, మూలాన్ని సంపాదించి, 1910లో వావిళ్లవారి ద్వారా సక్రమమైన ముద్రణను వెలువరింపజేసింది. కావ్యంలో శృంగారం మితిమీరిందన్న కారణంతో ఆనాటి ఆంగ్ల ప్రభుత్వం దానిని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం నిషేధాన్ని తొలగించిన తరువాత 1952లో వావిళ్ల సంస్థ దానిని మళ్లీ ప్రచురించింది. ఒక స్త్రీ రచించిన కావ్యం, మరొక స్త్రీ పట్టుదల వల్ల వెలుగుచూచి, నాలుగు దశాబ్దాలు అజ్ఞాతవాసం చేసి, మరల దుకాణానికి చేరింది. పుస్తకాన్ని అమ్మేవాడి ధైర్యం మీద కూడా సాహిత్యం ఆధారపడి ఉంటుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు నగరం తమిళుల పక్షాన మిగిలిపోయింది. తెలుగు ప్రచురణ వ్యాపారానికి కొత్త కేంద్రం అవసరమైంది. మొదట కర్నూలు, 1956 నుంచి హైదరాబాదు రాజధానులైనా, పుస్తకాలు మాత్రం బెజవాడను ఎన్నుకొన్నాయి. ఇందుకు కారణం నీటిలోను, ఇనుములోను ఉంది. 1855 నాటికి కృష్ణపై ఆనకట్ట పూర్తయింది. బెజవాడ నుంచి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ బయలుదేరాయి. కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవలు నడిచే జలమార్గం ఈ ఊరి మీదుగా ఏర్పడింది. 1889లో నిజాం రాజ్యపు రైలుమార్గం బెజవాడను తాకింది. కొద్ది సంవత్సరాలకే కృష్ణమీద రైలు వంతెన వచ్చి, మద్రాసు–కలకత్తా మార్గం కలిసింది. ఇటు హైదరాబాదు, అటు విశాఖపట్నం, దక్షిణాన మద్రాసు, పడమట రాయలసీమ, తూర్పున బందరు. ఏ దిక్కుకు పుస్తకాల కట్ట పంపాలన్నా బెజవాడ స్టేషనులో ఒకసారి బండి మారితే చాలు. పంచదార, మిరపకాయ, మామిడిపండు ఏ దారిని వెళ్లాయో, ప్రబంధమూ నవలా అదే దారిని వెళ్లాయి. ఇందులో సాహిత్యానికి చిన్నతనమేమీ లేదు.

దారి ఒక్కటే ఉంటే చాలదు. పనివారు కావాలి. వారిని పత్రికలు తెచ్చాయి. 1952లో విశాలాంధ్ర దినపత్రిక ఇక్కడ ప్రారంభమైంది. మద్రాసులో 1938లో పుట్టిన ఆంధ్రప్రభ 1959లో విజయవాడకు తరలివచ్చింది. మరుసటి ఏడే నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలో ఆంధ్రజ్యోతి వెలువడింది. అంతకు ముందే, 1948 డిసెంబరు 1న ఆకాశవాణి కేంద్రం ఏర్పడి, రచయితలను, గాయకులను, పండితులను ఒకచోట చేర్చింది. పత్రికల వెంట కంపోజిటర్లు, ప్రూఫు దిద్దేవారు, బ్లాకులు చేసేవారు, చిత్రకారులు వచ్చారు. తెలుగు అక్షరాలను సీసపు అచ్చులతో కూర్చడం సామాన్య విద్య కాదు. గుణింతాలు, వత్తులు, సంయుక్తాక్షరాలు కలిపి వందలాది గళ్లున్న అక్షరాల పెట్టె ముందు నిలబడి, రాతప్రతిని ఒక కంట, గడిని మరొక కంట చూస్తూ, అద్దంలో బొమ్మవలె తలకిందులైన అక్షరాలను వరుసకట్టాలి. పదహారు పుటలు కలిస్తే ఒక ఫారం. ఫారం అచ్చయ్యాక అక్షరాలను విడగొట్టి మళ్లీ గళ్లలో వేయాలి. అందుచేతనే పాత పుస్తకాల పుటల సంఖ్య తరచు ఎనిమిదికో పదహారుకో హెచ్చింపుగా ఉంటుంది. 1990 తరువాత కంప్యూటర్ అక్షరాలు వచ్చి ఈ పెట్టెలు మూలపడ్డాయి. కాని ప్రాచీన కావ్యాన్ని అరసున్నలతో, శకటరేఫలతో పొల్లుపోకుండా కూర్చిన ఆ కంపోజిటర్లలో ఎందరో పండితులకే తప్పులు చూపగలిగేవారు. వారి పేర్లు ‘ప్రతులకు’ పుటలో కూడా ఉండవు. ఇది ఆ పుటలోని పెద్ద లోపం.

ఇలా సమకూడిన వనరులమీద ప్రచురణ సంస్థలు నిలిచాయి. స్వాతంత్ర్యోద్యమ కాలంలోనే గద్దె లింగయ్య నడిపిన ఆదర్శ గ్రంథమండలి దేశభక్తి గ్రంథాలను, ఇతర దేశాల రచనల అనువాదాలను ప్రజలలోకి తెచ్చింది. దేశి కవితా మండలి శరత్‌చంద్ర ఛటర్జీ సాహిత్యాన్ని సంపుటాలుగా తెలుగులో అందించింది. శరత్ బెంగాలీ అన్న సంగతి మరచి, తెలుగు రచయితేనని భావించిన పాఠకులు ఉండేవారంటే, ఆ పుస్తకాలు ఎన్ని ఇళ్లకు చేరాయో ఊహించవచ్చు. విశాలాంధ్ర ప్రచురణాలయం వేమన నుంచి గురజాడ దాకా, శ్రీశ్రీ నుంచి సమకాలిక కథకుల దాకా సామాన్యుడికి అందుబాటు ధరలో అచ్చువేసింది. 1950లో తొలిసారి పుస్తకరూపం దాల్చిన ‘మహాప్రస్థానం’ తరువాతి కాలంలో ఈ సంస్థ ద్వారా అనేక ముద్రణలు పొందింది. బందరులో పుట్టి, క్రమంగా మద్రాసు, విజయవాడ, హైదరాబాదు నగరాలతో ముడిపడిన ఎమెస్కో ‘ఇంటింటా గ్రంథాలయం’ అనే పథకం ద్వారా నెలనెలా పుస్తకాలను చందాదారుల ఇళ్లకే పంపింది. అంతకంటె ముఖ్యంగా, ఆ సంస్థ ‘సంప్రదాయ సాహితి’ పేరున ప్రబంధాలను పీఠికలతో సహా జేబులో పట్టే పుస్తకాలుగా వేసింది. పెద్దన, వసుచరిత్రకారుడైన భట్టుమూర్తి రైల్వే స్టేషను పుస్తకాల బండిమీద డిటెక్టివు నవలల పక్కన కూర్చున్న రోజులవి. పండితులలో కొందరు దీనిని అపచారమన్నారు. నిజానికి తెలుగు ప్రబంధానికి అంతటి గౌరవం అంతకుముందు ఏ రాజాస్థానంలోను జరగలేదు.

విజయవాడ దుకాణాలలో ఇంకొక విచిత్రమైన అర ఉండేది. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులోనే అచ్చువేసి పంపిన సోవియట్ పుస్తకాలు ఆ అరలో కొలువుతీరేవి. ఉప్పల లక్ష్మణరావు వంటి తెలుగు రచయితలు మాస్కోలో ఉండి వాటిని అనువదించారు. గట్టి అట్ట, తెల్లని కాగితం, రంగుల బొమ్మలు, వెల మాత్రం రెండు మూడు రూపాయలు. మన ముద్రాపకులు ఎంత ప్రయత్నించినా ఆ ధరకు ఆ పుస్తకాన్ని తయారుచేయలేకపోయేవారు. కృష్ణాజిల్లా పల్లెలోని బాలుడొకడు మంచు కురిసే దేశపు జానపద కథలను తేట తెలుగులో చదువుకొని పెరిగాడంటే, ఆ దారి విజయవాడ మీదుగానే సాగింది. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నం కావడంతో ఆ పుస్తకాల రాక ఆగిపోయింది. అప్పట్లో చౌకబేరంగా కొన్న ఆ పుస్తకాలనే ఇప్పుడు అభిమానులు రెట్టింపు, మూడింతల ధర చెల్లించి పాత దుకాణాలలో కొంటున్నారు.

ఏలూరు రోడ్డులోని ఒక పుస్తకాల దుకాణంలోకి అడుగుపెడితే, మొదట కనిపించేది సాహిత్యం కాదు. గుమ్మం దగ్గర పోటీపరీక్షల పుస్తకాలు, పాఠశాలల గైడ్లు, ఆరోగ్య గ్రంథాలు ఉంటాయి. ఉగాదికి ముందు పంచాంగాలు దొంతులుగా పేరుస్తారు. జూన్, జూలై నెలలలో నోటుపుస్తకాల రద్దీ చెప్పనలవి కాదు. ఇంద్రకీలాద్రికి వెళ్లే దారిలోనైతే స్తోత్ర పుస్తకాలు, వ్రతకల్పాలు, పెద్దబాలశిక్ష ముందువరుసలో ఉంటాయి. కవిత్వం, కథ, విమర్శ దుకాణపు లోపలి గోడను ఆనుకొని ఉంటాయి. దీనిని చూచి నిట్టూర్చేవారున్నారు. కాని వ్యాపారపు లెక్క తెలిసినవారు అలా నిట్టూర్చరు. కవితా సంపుటి ఒకటి అమ్ముడుపోవడానికి ఏడాది పట్టవచ్చు. ఆ ఏడాదికాలం అది ఆక్రమించిన చోటుకు అద్దె చెల్లించేది గైడ్లు, పంచాంగాలే. లోపలి గోడను గుమ్మం పోషిస్తుంది.

ఇక ‘ప్రతులకు’ అన్న మాట వెనుక జరిగే వ్యవహారం ఇది. తెలుగులో సాహిత్య గ్రంథాలలో పెక్కింటికి రచయితే ప్రచురణకర్త. ఒకప్పుడు వెయ్యి ప్రతులు వేయడం ఆనవాయితీ. ఇటీవల అది 500కు, 300కు తగ్గింది. అచ్చుఖర్చు భరించిన రచయిత, సంచిలో ప్రతులు మోసుకొని దుకాణానికి వస్తాడు. విక్రేత పదో ఇరవయ్యో ప్రతులు తీసుకొని రసీదు ఇస్తాడు. అమ్ముడైతే సొమ్ము, కాకపోతే పుస్తకం వెనక్కి. ముద్రిత ధరలో మూడింట ఒక వంతు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, విక్రేత కమిషను. రచయితకు ఇది ఎక్కువనిపిస్తుంది. అద్దె, జీతాలు, రవాణా, ఏళ్లతరబడి కదలని సరుకు లెక్కవేసుకొంటే విక్రేతకు తక్కువనిపిస్తుంది. మిగిలిన ప్రతులకు పెద్ద ఆధారం ప్రజా గ్రంథాలయాలు. ఆస్తిపన్నుతోపాటు వసూలయ్యే గ్రంథాలయ పన్నుతో జిల్లా సంస్థలు పుస్తకాలు కొంటాయి. ఆ కొనుగోళ్లు సక్రమంగా సాగిన సంవత్సరాలలో ప్రచురణ రంగం కళకళలాడుతుంది. అవి నిలిచిపోయిన ఏళ్లలో రచయితల ఇళ్లలో మంచాల కింద పుస్తకాల కట్టలు పేరుకుపోతాయి.

ఈ వ్యవహారంలో లెక్కకు రానిది ఒకటుంది. అది దుకాణదారుడి జ్ఞాపకశక్తి. ఫలానా రచయిత మొదటి కథాసంపుటి మలిముద్రణ పొందలేదని, ఫలానా వ్యాఖ్యానం రెండవ ముద్రణలో పీఠిక తొలగించారని, ఫలానా పరిశోధన గ్రంథం ఆ ఆచార్యుని కుమారుని వద్ద మాత్రమే నాలుగు ప్రతులున్నాయని చెప్పగల గుమస్తాలు ఏలూరు రోడ్డులో ఉండేవారు. పరిశోధక విద్యార్థికి విశ్వవిద్యాలయ గ్రంథసూచి ఇవ్వలేని సమాచారాన్ని వారు నిచ్చెనమీద నిలబడే అందించేవారు. ఏ పుస్తకం కావాలో తెలిసినవారికి నేడు ఇంటినుంచే తెప్పించుకొనే సౌకర్యం ఉంది. ఏ పుస్తకం కావాలో తెలియనివారికి మాత్రం అటువంటి గుమస్తా అవసరం తీరలేదు.

కొనే స్తోమత లేనివారికి అద్దె పుస్తకాల దుకాణాలు ఉండేవి. 1970, 80 దశకాలలో విజయవాడ పేటలలో వీధికొకటి చొప్పున ఇవి కనిపించేవి. కొంత ధరావతు కట్టించుకొని, రోజుకు కొన్ని పైసల అద్దెకు నవల ఇచ్చేవారు. యద్దనపూడి సులోచనారాణి, యండమూరి వీరేంద్రనాథ్ నవలలు చేతులు మారి మారి అట్టలు ఊడి, దారంతో కుట్టించుకొని మళ్లీ చదువరుల వద్దకు వెళ్లేవి. గృహిణులు ఈ దుకాణాలకు ప్రధాన పోషకులు. విమర్శకులు ఆ నవలలను చిన్నచూపు చూచారు. కాని చదివే అలవాటును కొన్ని లక్షల ఇళ్లలో ప్రవేశపెట్టినది ఆ నవలలే. టెలివిజన్ ధారావాహికలు వచ్చిన తరువాత ఈ దుకాణాలు ఒక్కొక్కటిగా కనుమరుగయ్యాయి. వాటిలోని నవలలు పాత కాగితాల తూకానికి వెళ్లాయి.

తూకానికి వెళ్లినవన్నీ నశించలేదు. వాటిలో కొన్ని లెనిన్ సెంటరుకు చేరాయి. ఏలూరు రోడ్డు కొత్త పుస్తకానికి ఎంత ప్రసిద్ధమో, గవర్నర్‌పేటలోని లెనిన్ సెంటరు పాత పుస్తకానికి అంత ప్రసిద్ధం. ఇరుకైన దుకాణాలలో నేలనుంచి కప్పుదాకా పేర్చిన దొంతరలలో వైద్యశాస్త్రం పక్కన వసుచరిత్ర, ఇంజనీరింగు గణితం పైన పాత వారపత్రికల బైండు సంపుటి కనిపిస్తాయి. ఈ సరుకు వచ్చే దారులు అనేకం. పిల్లలు పరదేశాలలో స్థిరపడిన పంతులుగారు మరణిస్తే ఆయన బీరువా ఖాళీ అవుతుంది. అద్దె ఇల్లు మారేవారు బరువు తగ్గించుకొంటారు. మూతపడిన పఠనమందిరాల పుస్తకాలు ఊదారంగు ముద్రలతో సహా వస్తాయి. మొదటి పుటలో పెళ్లికానుకగా రాసిన పేర్లు, బహుమతిగా ఇచ్చిన పాఠశాల ప్రధానోపాధ్యాయుని సంతకం, పుటల నడుమ ఎండిన రావి ఆకు, సినిమా టికెట్టు ముక్క దర్శనమిస్తాయి. వాటిని చూచి ముచ్చటపడటం సహజమే. కాని అసలు విషయం అది కాదు.

అసలు విషయం కాగితం ఆయుర్దాయం. తాళపత్రం జాగ్రత్తపడితే కొన్ని శతాబ్దాలు నిలుస్తుంది. నన్నెచోడుని ‘కుమారసంభవము’ తంజావూరు సరస్వతీ మహలులో తాళపత్రాలలో ఒదిగి ఉండి, మానవల్లి రామకృష్ణకవి కంటపడి, 1909లో అచ్చయింది. ఇరవయ్యో శతాబ్దిలో నాసిరకం కాగితం మీద అచ్చయిన నవలకు ఆ అదృష్టం లేదు. కొయ్యగుజ్జుతో చేసిన చౌక కాగితంలోని ఆమ్లం దానిని లోపలినుంచే తింటుంది. ఏభై అరవై ఏళ్లకు పుట గోధుమరంగుకు తిరిగి, మడిస్తే విరిగిపోతుంది. వెయ్యి ప్రతులు మాత్రమే అచ్చయి, మలిముద్రణ లేని పుస్తకం విషయంలో ఇది ప్రాణాంతకం. పదిహేడవ శతాబ్ది కావ్యం మనకు మిగిలి, 1955 నాటి నవల ఒక్క ప్రతి కూడా మిగలకుండా పోవడం విడ్డూరంగా తోచినా, జరగగల పనే.

ఇప్పుడు పాత పుస్తకాలను కంప్యూటర్లలో భద్రపరుస్తున్నారు గదా అన్న సందేహం కలుగవచ్చు. ఆ కృషి నిస్సందేహంగా గొప్పది. ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను వేల సంచికలుగా ప్రతిబింబాలు తీయించి అందరికీ అందుబాటులో ఉంచింది. అయితే ప్రతిబింబం తీయడానికి ముందు ఒక ప్రతి చేతిలో ఉండాలి. గ్రంథాలయంలో దొరకని సంచిక, చెదలు తినగా పోయిన సంపుటం ఎక్కడనుంచి రావాలి? వ్యక్తుల సేకరణలనుంచి, ఆ సేకరణలకు సరుకిచ్చిన పాత పుస్తకాల వ్యాపారినుంచి రావాలి. కిలో లెక్కన కొన్న మూటను విప్పి, ఇది చిత్తుకాగితం, ఇది పుస్తకం అని విడదీసే వ్యాపారి ఆ క్షణంలో చేసే నిర్ణయం ఒక్కొక్కప్పుడు పండితపరిషత్తు నిర్ణయం కంటె బలమైనది. అతడు పారవేసినదానిని ఏ పరిషత్తూ తిరిగి తేలేదు.

ఏడాది పొడవునా వీధులలో చెదరి ఉండే ఈ విపణి జనవరి మొదటి రోజులలో ఒక మైదానంలోకి వస్తుంది. విజయవాడ పుస్తక మహోత్సవం 1989లో ప్రారంభమైంది. సుమారు పదకొండు రోజులు సాగే ఈ ఉత్సవానికి దీర్ఘకాలం స్వరాజ్య మైదానం వేదికగా ఉండేది. ఆ మైదానం అంబేద్కర్ స్మృతివనంగా రూపొంది, 2024 జనవరిలో అక్కడ విగ్రహావిష్కరణ జరిగింది. పుస్తక మహోత్సవం వేరు చోట్లకు మారింది. 2025లో ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో జరిగింది. మహోత్సవంలో భాగంగా పుస్తకప్రియుల పాదయాత్ర నిర్వహించడం ఒక ఆచారం. పల్లెలనుంచి బస్సులలో వచ్చే ఉపాధ్యాయులు, వారి వెంట విద్యార్థులు, సంవత్సరమంతా దాచిన సొమ్ముతో వచ్చే చిరుద్యోగులు ఆ రోజులలో కనిపిస్తారు. ఏడాదికి కావలసిన పుస్తకాలు అక్కడే కొని, మిగిలిన పదకొండు నెలలు దుకాణం వైపు చూడనివారు పెరగడంతో వీధిలోని విక్రేతలకు ఇందువల్ల లాభమా నష్టమా అన్న చర్చ కూడా ఉంది. ఉత్సవం రోజున గుడి కిటకిటలాడుతుంది. నిత్యదీపానికి నూనె పోయవలసిన పని మాత్రం తక్కిన రోజులలో కూడా ఉంటుంది.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ‘ప్రతులకు’ పుట కూడా విడిపోయింది. విశాలాంధ్ర ప్రచురణాలయం తెలంగాణ శాఖలు నవచేతన పేరుతో వేరుపడ్డాయి. ప్రజాశక్తి సంస్థ స్థానంలో తెలంగాణలో నవతెలంగాణ ప్రచురణలు వెలిశాయి. హైదరాబాదులో సుల్తాన్ బజారు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 నుంచి, కోఠి, అబిడ్స్ పాత పుస్తకాల బజార్లు అనేక దశాబ్దాలుగా చదువరులను పోషిస్తూనే ఉన్నాయి. కొత్త సంస్థలు కూడా అక్కడ పెరుగుతున్నాయి. ఒక పుస్తకం రెండు రాష్ట్రాలలోను దొరకాలంటే రచయిత ఇప్పుడు రెండు దారులు వెదకాలి. పుస్తకాలు మాత్రం సరిహద్దును అంతగా పాటించడం లేదు. విజయవాడలో అచ్చయినవి అబిడ్స్ కాలిబాటమీద, హైదరాబాదు ముద్రణలు లెనిన్ సెంటరు దొంతరలలో యథాప్రకారం కనిపిస్తున్నాయి.

ఆ దొంతరలలో వేసవిలో అన్నిటికంటె వేగంగా కదిలేవి కావ్యాలు కావు, నవలలు కావు, ఇంటర్మీడియట్ పాఠ్యపుస్తకాలు. ఏప్రిల్ నెలలో పరీక్షలు ముగించిన విద్యార్థులు వాటిని తెచ్చి అమ్ముతారు. జూన్‌లో కొత్తగా చేరినవారు వచ్చి సగం ధరకు కొంటారు. భౌతిక, రసాయన శాస్త్రాల పుస్తకాలలో అంచులనిండా సూత్రాలు, గీతలు ఉంటాయి. తెలుగు వాచకాలు తరచు కొత్తవాటివలె శుభ్రంగా ఉంటాయి. ఎప్పుడైనా ఒకదానిలో, ఏదో పద్యం పక్కన, పెన్సిలుతో రాసిన ప్రతిపదార్థమో, కింద గీత గీసిన ఒక సమాసమో, పరీక్షలో రాదని తెలిసి కూడా ఎవరో రాసుకొన్న చిన్న ప్రశ్నో కనిపిస్తుంది. అటువంటి ప్రతికి దుకాణదారుడు ధర తగ్గిస్తాడు. గీతలున్న పుస్తకానికి వెల తక్కువ అన్నది అక్కడి వాడుక.